నీటిలోని శబ్దవేధి

దశరథుడు యువరాజుగా నున్న కాలముననే శబ్దవేధి యని పేరు పొందెను. కంటికి కనబడని లక్ష్యమును, అది చేయు చప్పుడును బట్టియే బాణముతో కొట్టగలుగు నేర్పునకు శబ్దవేధి విద్య యని పేరు. ఒకనాటి వానకాలపు రాత్రి అతడు సరయూనదీతీరమున వేటకై పొంచియుండెను. చీకటిలో బుడబుడమను చప్పుడు వినవచ్చెను. ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి అతడు బాణము విడిచెను. వెంటనే మనుష్యుని ఆర్తనాదము వినబడెను. పరుగున పోయి చూడగా, గ్రుడ్డివారైన తల్లిదండ్రుల కొరకు కుండతో నీరు ముంచుకొనుచున్న మునికుమారుడు నేలకొరిగి యుండెను.

ఈ కథ మీరందరును ఎరిగినదే. అయినను ఇందు ఒక్క విషయమును గమనింపుడు. దశరథుని చెవి పొరపాటు పడలేదు. చప్పుడు ఏ దిక్కునుండి వచ్చినదో అది సరిగనే చెప్పెను. బాణమును గురి తప్పలేదు. ఆ చప్పుడు చేసినది ఎవరు అను నిర్ణయములోనే తప్పు జరిగినది.

ఈ శబ్దవేధి విద్య పురాణకాలముతో ముగిసిపోలేదు. నేడు అది సముద్రగర్భమున సాగుచున్నది. దానిని ప్రత్యక్షముగా చూడగోరువారు విశాఖపట్టణమునకు పోయి, రామకృష్ణా బీచిలో ఇసుకపై నిలిపియుంచిన 'కురుసుర' అను జలాంతర్గామిని దర్శింపవచ్చును. అనగా, అది నీటిలో మునిగి సంచరించు యుద్ధనౌక. 1969వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఇది మన నౌకాదళమున చేరినది. 31 సంవత్సరములు సేవచేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొందినది. మరుసటి సంవత్సరము, అనగా 2002 ఆగస్టులో, ప్రజలు చూచుటకు ప్రదర్శనశాలగా తెరవబడినది. దీని పొడవు సుమారు 91 మీటర్లు. ఇందు 75 మంది నావికులు పనిచేసెడివారు.

ఒక చివర లోనికి ప్రవేశించి నడచినచో, ఇరుకైన ఏడు గదులను దాటుకొని రెండవ చివరకు వత్తుము. అడుగడుగునను గొట్టములు, చక్రములు, గడియారముల వంటి కొలత పరికరములు కానవచ్చును. పడుకొనుటకు పడకలు ఒకదానిపై నొకటి అమర్చియుండును. ముందు భాగమున ఆరును, వెనుక భాగమున నాలుగును టార్పెడో గొట్టములు కలవు. టార్పెడో యనగా నీటిలో తనంతట తాను ఈదుకొనిపోయి ఓడను తాకి ప్రేలెడి ఆయుధము. ఇన్ని వస్తువులు ఉన్నను, ఆ నౌకలో ఒక్క వస్తువు మాత్రము మనకు కనబడదు. అది కిటికీ. 75 మంది మనుష్యులు రోజుల తరబడి నివసించు ఆ ఇనుపగూటికి బయటి లోకమును చూచుటకు కిటికీ అనునది లేదు.

మరి వారు బయటనున్న ఓడను ఎట్లు కనుగొందురు?

నీటి మట్టమునకు దగ్గరగా వచ్చినప్పుడు పెరిస్కోపు అను పొడవైన గొట్టమును పైకెత్తి, అందలి అద్దముల సాయముతో చూతురు. కాని పెరిస్కోపును పైకెత్తవలెనన్నచో నౌక కొన్ని మీటర్ల లోతునకు మించి మునుగరాదు. ఇక సముద్రముపై దట్టమైన పొగమంచు క్రమ్మినప్పుడు ఆ కన్నును గ్రుడ్డిదగును. తేమతో నిండిన వెచ్చని గాలి చల్లని నీటిపైకి వీచినప్పుడు, ఆ తేమ సన్నని నీటిబిందువులుగా మారి గాలిలో తేలుచుండును. అదియే పొగమంచు. ఉత్తర అట్లాంటికు సముద్రమున న్యూఫౌండ్లండు తీరమునకు దాపున వెచ్చని ప్రవాహమును చల్లని ప్రవాహమును కలిసికొనుటచే అక్కడ పొగమంచు తరచుగా నుండును. మన బంగాళాఖాతము వెచ్చనిది. కావున నడిసముద్రమున అంతటి మంచు ఇక్కడ అరుదు. అయినను శీతకాలపు తెల్లవారుజామున తీరముపై మంచు తెర పరచుకొనుట కలదు. తుపానువానలును, అమావాస్య రాత్రులును కంటికి అంతటి ఆటంకమునే కలిగించును.

పొగమంచును చీల్చుకొనిపోగల రాడారు అను సాధనము కలదు గదా యని మీరడుగవచ్చును. నిజమే. కాని రాడారు తరంగములు నీటిలో ముందుకు సాగవు. దానిని వాడవలెనన్నచో జలాంతర్గామి నీటిపైకి స్తంభమును ఎత్తవలెను. పైగా ఆ తరంగములను పసిగట్టు సాధనములు శత్రువునొద్దను ఉండును. చీకటిలో దీపము వెలిగించి దొంగను వెదకువాడు తానే ముందుగా దొంగకు కనబడునట్లు, రాడారును వాడిన జలాంతర్గామి తన యునికిని తానే చాటుకొనును.

కన్ను పనిచేయని ఇట్టి చోట చెవియే దిక్కు. అదృష్టవశమున నీరు చెవికి మంచి మిత్రము. ఈ సంగతిని మీరే పరీక్షించి చూడవచ్చును. పెద్దలను వెంటబెట్టుకొని ఈతకు పోయినప్పుడు, మీరు తల నీటిలో ముంచియుండగా, మీ స్నేహితుడు కొంత దూరమున నీటిలో రెండు గులకరాళ్లను తాటించవలెను. ఆ చప్పుడు చెవి ప్రక్కనే జరిగినట్లు స్పష్టముగా వినబడును. ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ, ఓడను ఆపి పొడవైన గొట్టమును నీటిలో ముంచి రెండవ కొనను చెవికి చేర్చినచో, దూరముననున్న ఓడల చప్పుడు వినవచ్చునని 15వ శతాబ్ది చివరననే వ్రాసియుంచెను.

నీటిలో శబ్దము ఎంత వేగముగా పోవునో 1826లో కొలాడన్, స్టర్మ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు జెనీవా సరస్సులో కొలిచిరి. రెండు పడవలను సుమారు 13½ కిలోమీటర్ల దూరమున నిలిపిరి. ఒక పడవనుండి నీటిలోనికి వ్రేలాడదీసిన గంటను కొట్టి, ఆ క్షణముననే పైన తుపాకిమందును వెలిగించిరి. రెండవ పడవలోనివారు వెలుగు కనబడిన తోడనే గడియారము చూచుకొని, నీటిలో ముంచిన గొట్టముద్వారా గంట నాదము వినబడువరకు కాలమును లెక్కించిరి. తొమ్మిది సెకండ్లకు పైగా పట్టెను. దానినిబట్టి ఆ సరస్సు నీటిలో శబ్దవేగము సెకండునకు 1,435 మీటర్లని తేలెను. సముద్రపు నీటిలో అది సుమారు 1,500 మీటర్లు. గాలిలో శబ్దవేగము 340 మీటర్లు మాత్రమే. పైగా వెలుగు సముద్రములో కొలది దూరముననే అణగిపోవును గాని, శబ్దము అనేక కిలోమీటర్లు సాగిపోవును.

ఈ గుణమును ఆధారముగా గొని నిర్మించినదే హైడ్రోఫోను. ఇది నీటిచెవి యనదగినది. జలాంతర్గామి దేహమునకు బయట ఇట్టి చెవులు అనేకములు అమర్చబడి యుండును. ఒక చెవికంటె వేరొక చెవికి చప్పుడు ఎంత ముందుగా చేరినదో సరిచూచి, అది వచ్చిన దిక్కును నిర్ణయింతురు. లోపల చిన్న గదిలో చెవులకు తొడుగులు తగిలించుకొని ఒక నావికుడు కూర్చుండును. పొగమంచులో ఆ నావకు కన్నును, కాపలావాడును అతడే.

అతడు వినునది యేమి? ఓడను నడుపునది దాని వెనుక నీటిలో తిరుగు రెక్కల చక్రము. దానినే ప్రొపెల్లరు అందురు. అది వేగముగా తిరుగునప్పుడు రెక్కల అంచులయొద్ద లెక్కలేనన్ని బుడగలు పుట్టి చిట్లుచుండును. కాగుచున్న నీటి చప్పుడు వంటి ఆ సవ్వడి, రెక్కలు తిరుగుటనుబట్టి హెచ్చుచు తగ్గుచు, తాళము వేసినట్లు వినవచ్చును. అనుభవముగల నావికుడు ఆ తాళమును లెక్కించి, ప్రొపెల్లరు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో చెప్పగలడు. చుట్లను బట్టి వేగమును ఊహింతురు. బరువైన సరకుల ఓడకు నెమ్మదియైన లోతైన దరువు. యుద్ధనౌకకు చురుకైన దరువు. జాలరుల మరపడవకు టకటకమను చిన్న దరువు. ఏదో ఒక రెక్కకు సొట్టపడియున్నచో ఆ ఓడ గొంతులో దానికి మాత్రమే చెల్లిన ఒక జీర యుండును. వంటింటిలో కూర్చున్న అమ్మ, వీధిలో అడుగుల చప్పుడును బట్టియే వచ్చువారు ఎవరో చెప్పుట మీరు ఎరుగుదురు గదా! ఇదియు అట్టిదే.

దిక్కు తెలిసినది, వేగము ఊహకు వచ్చినది. కాని దూరము? దిక్కును చెప్పు చెవి దూరమును చెప్పలేదు. ఇచ్చటనే లెక్క ప్రారంభమగును.

దిక్కులను అంశలలో చెప్పుదురు. ఉత్తరము సున్న, తూర్పు 90, దక్షిణము 180, పడమర 270. విశాఖపట్టణము బయట సముద్రమున ఒక జలాంతర్గామి కదలక నిలిచియున్నదనుకొనుడు. తూర్పున 90వ అంశనుండి ఒక ఓడ చప్పుడు వినబడినది. పది నిమిషములకు అది 80వ అంశకు జరిగినచో, ఆ ఓడ ఉత్తరముగా పోవుచున్నదని అర్థము. 100వ అంశకు జరిగినచో దక్షిణముగా పోవుచున్నది. దిక్కు ఏమాత్రము మారక, చప్పుడు మాత్రము హెచ్చుచున్నచో, అది తిన్నగా మనమీదికే వచ్చుచున్నది. 'దిక్కు మారని ఓడయే ప్రమాదకరమైన ఓడ' యను సూత్రమును సముద్రయానము చేయువారందరును మొట్టమొదటనే నేర్చుకొందురు.

మీరు రైలులో పోవుచు కిటికీనుండి చూచినప్పుడు, దగ్గరనున్న తంతిస్తంభములు గిర్రున వెనుకకు పోవును. దూరపు కొండలు మెల్లగా జరుగును. అట్లే దగ్గరనున్న నెమ్మది పడవయు, దూరమునున్న వేగపు ఓడయు ఒకే విధముగా దిక్కు మారవచ్చును. అందుచే జలాంతర్గామి ఒక చోట కొంతసేపు విని, దారి మార్చి, వేరొక చోట మరల వినును. రెండు చోట్ల దొరికిన దిక్కులను కాగితముపై గీతలుగా గీసినచో, అవి కలియు చోటు ఓడ యుండు తావును ఇంచుమించుగా తెలుపును. అయితే ఈలోపల ఆ ఓడయు కదలుచునే యుండును. కావున ఊహించుట, వినుట, ఊహను దిద్దుకొనుట అను క్రమము పలుమారులు జరుగవలెను. నేడు ఈ లెక్కలను కంప్యూటర్లు చేయుచున్నను, లెక్కలోని మూలసూత్రము ఇదియే.

దూరమును వెంటనే తెలిసికొను ఉపాయము మరొకటి కలదు. అది తానే ఒక శబ్దమును పంపి, ఓడకు తగిలి మరలివచ్చు ప్రతిధ్వనిని వినుట. 1912లో టైటానిక్ అను ఓడ మంచుకొండను ఢీకొని మునిగిన పిమ్మట, ఫెసెండెన్ అను శాస్త్రజ్ఞుడు 1914లో న్యూఫౌండ్లండు ప్రాంతమున మంచుకొండనుండి ప్రతిధ్వనిని రాబట్టి చూపెను. నేటి సోనారునకు ఇట్టి ప్రయోగములే పునాదులు. కాని వేటకై పొంచియున్నవాడు ఈ ఉపాయమునకు సాధారణముగా పూనుకొనడు. చీకటి తోటలో 'ఎవరక్కడ?' అని కేకవేసినచో, బదులు వచ్చుటకు ముందే కేకవేసినవాని చోటు అందరకును తెలిసిపోవును.

కావున వినువానికి మొదటి నియమము తాను మౌనముగా నుండుట. తన యంత్రముల రొద హెచ్చినకొలది ఇతరుల చప్పుడు వినబడదు. తన చప్పుడు ఇతరులకు వినబడును. నీటి అడుగున జలాంతర్గామి తన డీజిలు యంత్రములను ఆపి, విద్యుత్తును నిలువచేసిన బ్యాటరీలతో మెల్లగా కదలును. అత్యవసరమైన వేళ నావికులు మాటలు తగ్గింతురు. పనిలేనివారు పడకలపై పడుకొందురు. చేతినుండి ఒక్క పనిముట్టు జారిపడినను అపరాధమే. నీటిలో సాగు ఆయుధములను గూర్చియు, నౌకల రూపములను గూర్చియు పరిశోధనలు జరుపు నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ అను సంస్థ విశాఖపట్టణముననే 1969లో స్థాపింపబడినది. నౌకల చప్పుడును తగ్గించు మార్గములను వెదకుట అట్టి పరిశోధనలలో ఒక ముఖ్యభాగము.

మౌనముగా నున్నంతమాత్రమున అంతయు వినబడునని అనుకొనరాదు. సముద్రము శబ్దమును సూటిగా పోనీయదు. నీరు వెచ్చనైనకొలది, ఉప్పు హెచ్చినకొలది, లోతు పెరిగినకొలది శబ్దవేగము హెచ్చును. వేగములో తేడా యున్నచోట శబ్దము వంగి ప్రయాణించును. ఎండకు కాగిన పైపొర క్రింద చల్లని పొర యున్నప్పుడు, శబ్దము క్రిందికి వంగి, కొన్ని తావులను తాకకయే పోవును. ఆ తావులు శబ్దమునకు నీడల వంటివి. అక్కడ దాగియున్న నౌకను దగ్గరనుండియు వినజాలము. 1930వ దశాబ్దమున అమెరికా నావికులు ఒక వింతను గమనించిరి. ఉదయము బాగుగా పనిచేసిన సోనారు మధ్యాహ్నము సరిగా పనిచేయకుండెను. భోజనము చేసి పనివారు కునుకుచున్నారేమోయని మొదట శంకించిరట! తీరా పరిశోధింపగా, మధ్యాహ్నపు ఎండకు నీటి పైపొర వేడెక్కుటయే కారణమని తేలెను. మన బంగాళాఖాతము మరింత చిత్రమైనది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు నదులు వానకాలమున మంచినీటిని కుమ్మరించుటచే ఉత్తరభాగమున పైపొరలో ఉప్పు తగ్గిపోవును. ఈ సముద్రము చేతులలో శబ్దము ఎట్లు వంగునో తెలిసికొనుటయే ఒక పెద్ద చదువు.

ఇట్టి సముద్రమునకు, విశాఖపట్టణము ముంగిట, ఒక వేటగాడు నిజముగనే వచ్చినాడు. అది 1971వ సంవత్సరము. భారతదేశమునకును పాకిస్తానునకును యుద్ధము ముంచుకొనివచ్చుచుండెను. తూర్పుతీరమున మన నౌకాదళమునకు బలము 'విక్రాంత్' అను విమానవాహక నౌక. దానిని ముంచివేయుటకై పాకిస్తాను నౌకాదళము 'ఘాజీ' అను జలాంతర్గామిని నవంబరు 14వ తేదీన కరాచీనుండి పంపినది. ఘాజీ అమెరికాలో నిర్మింపబడి 1945లో 'డయాబ్లో' అను పేర అక్కడి నౌకాదళమున చేరినది. 1964లో పాకిస్తానునకు ఇయ్యబడినది.

ఆనాడు విశాఖపట్టణమున తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను దూరముగా అండమాను దీవుల ప్రాంతమున దాచియుంచి, అది విశాఖపట్టణము చేరువనే ఉన్నట్లు శత్రువును నమ్మించుటకు పూనుకొనెను. 'రాజపుత్' అను పాత యుద్ధనౌకను సముద్రములోనికి పంపి, విక్రాంత్ పంపుచున్నట్లే రేడియో వర్తమానములను పంపించెను. ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యమును గూర్చి విచారించుచున్నట్లు సామాన్యమైన తంతివార్తను గూడ కల్పించిరి. పెద్ద నౌకకు సరిపడునన్ని ఆహారపదార్థములకు బజారులో ఉత్తరువులిచ్చిరి. వినువాడు ఎక్కడ చెవియొగ్గియున్నను, వినబడునది విక్రాంత్ మాటయే కావలెనని వారి యెత్తు.

డిసెంబరు 3వ తేదీ రాత్రి, అర్ధరాత్రికి కొంచెము ముందుగా, రాజపుత్ దీపములార్పుకొని రేవునుండి బయలుదేరినది. బయటి సముద్రమున నీరు కలగుట గమనించి, నౌకాధిపతి ఇందర్ సింగ్ డెప్త్ చార్జీలు అను రెండు నీటిబాంబులను జారవిడిపించెను. అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకు మహత్తరమైన ప్రేలుడు వినవచ్చినది. తీరమున ఇండ్ల కిటికీల అద్దములు గలగలలాడినవి. అటుపై చేపలవేటకు పోయిన జాలరులకు నీటిపై చమురును, తేలు వస్తువులును కనబడినవి. ఘాజీ అందలి 90 మందికి పైగా నావికులతో సముద్రగర్భమున మునిగిపోయెను. ఒక్కరును బ్రతుకలేదు.

రాజపుత్ విడిచిన బాంబులే ఘాజీని ముంచినవని భారత నౌకాదళము చెప్పును. అది తాను పరచుచున్న మందుపాతరలు తనయొద్దనే ప్రేలుటచే మునిగినదని పాకిస్తాను వాదము. ఈ వివాదము నేటికిని తీరలేదు. 2024లో మన నౌకాదళమువారు ఆ శిథిలము ఉన్న తావును ఆధునిక సాధనములతో మరల గుర్తించిరి. కారణము ఏదైనను ఒక్కటి నిజము. వేటగాడు వెదకిన మృగము అక్కడ లేనే లేదు. విన్న మాటలను నమ్మి, లేనిదానికై పొంచియుండి, ఆ నావికులు తమ ప్రాణములను కోల్పోయిరి. బీచి రోడ్డుననున్న యుద్ధస్మారకమును చూచువారు మన విజయమును తలచుకొనుటతోబాటు, ఆ చీకటినీటిలో అణగారిన పరదేశపు నావికులను గూడ ఒక్క క్షణము తలచుకొనుట తగును. వారును తల్లులు కన్న బిడ్డలే.

ఘాజీ లేనిదానికై పొంచియున్నది. ఉన్నదానిని మరియొకటిగా భ్రమించిన వేట దీనికంటెను దారుణమైనది. 1945వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ రాత్రి తైవాను జలసంధిని దట్టమైన పొగమంచు క్రమ్మియుండెను. 'క్వీన్‌ఫిష్' అను అమెరికా జలాంతర్గామికి రాడారుపై ఒక ఓడ జాడ కనబడినది. అది వేగముగా, సూటిగా పోవుచుండెను. జాడను బట్టి అది చిన్నదగు యుద్ధనౌక యని తలచిరి. కంటితో చూచుటకు మంచు అడ్డమయ్యెను. నాలుగు టార్పెడోలను విడిచిరి, ఓడ మునిగిపోయెను.

తీరా చూడగా అది యుద్ధనౌక కాదు. 'ఆవా మారు' అను జపాను ఓడ. శత్రుదేశపు ఖైదీలకు సహాయవస్తువులను చేరవేసిన కారణమున, దానిని ఎవరును కొట్టరాదని అమెరికాయే అభయమిచ్చియుండెను. గుర్తు తెలియుటకై దాని ప్రక్కలపై తెల్లని శిలువ గుర్తులు వేసి, దీపములతో వెలిగించిరి. ఆ గుర్తులును దీపములును మంచులో కలిసిపోయినవి. ఆ ఓడను పోనిమ్మని పంపిన వర్తమానముల భావము క్వీన్‌ఫిష్‌కు సరిగా అందలేదు. ఇంచుమించు 2,000 మంది మరణించిరి. ఒక్కడు మాత్రము బ్రతికి బయటపడెను. క్వీన్‌ఫిష్ అధిపతిని సైనిక న్యాయస్థానము విచారించి, ఆజ్ఞలను పాటించుటలో అజాగ్రత్తకు దోషిగా నిర్ణయించినది.

సరయూతీరమున జరిగినదే ఇచ్చటను జరిగినది. దిక్కు తప్పలేదు, దూరము తప్పలేదు, గురి తప్పలేదు. అది ఎవరు అను ప్రశ్నకు మాత్రము తొందరపాటున సమాధానము చెప్పుకొనిరి.

నేడు మీలో పలువురు కంప్యూటరుపై ఆటలాడుచుందురు. జలాంతర్గామిని నడుపు ఆటలును వానిలో కలవు. 1996లో వెలువడిన 'సైలెంట్ హంటర్' అట్టి ఆటలలో పేరుపొందినది. పొగమంచు క్రమ్మిన సముద్రమున, నావను లోతునకు దింపి, యంత్రములను ఆపి, దూరపు ఓడల చప్పుడును విని, గీతలు గీసి వేటాడుట ఇట్టి ఆటలలోని కష్టమైన ఘట్టము. శ్రద్ధగా ఆడినవారికి పైన చెప్పిన లెక్కలు కొంతవరకు పట్టువడును. నిజమైన నావికులును మొదట నేలపైననే అభ్యసింతురు. విశాఖపట్టణముననున్న ఐ.ఎన్.ఎస్. శాతవాహన అను నౌకాదళ శిక్షణాలయములో, జలాంతర్గామి లోపలిభాగమును పోలిన గదులలో కూర్చుండి వారు పలుమారులు సాధన చేయుదురు. అక్కడ జరిగిన తప్పు ఎవరి ప్రాణమును తీయదు. మరుసటి దినమున దిద్దుకొనవచ్చును. అందుకొరకే ఆ గదులు ఏర్పడినవి. ఆటలో మునిగిన ఓడ మరల మొదలుపెట్టినచో తేలివచ్చును. ఆవా మారు మరల తేలిరాలేదు.

కావున వినుట నేర్చినవాడు అనుమానించుటయు నేర్వవలెను. విశాఖపట్టణము సముద్రమును ఒక్కసారి ఊహించుకొనుడు. 1933లో 'జలదుర్గ' అను ఓడతో ప్రారంభమైన ఆ రేవు ముంగిట నేడు ఎన్ని చప్పుళ్లు! ఉక్కు కర్మాగారమునకు బొగ్గును తెచ్చు భారీ ఓడలు, చమురు ఓడలు, యుద్ధనౌకలు, వానినడుమ వేకువననే వలలతో బయలుదేరు జాలరుల పడవలు, ఇవియన్నియు ఒకే నీటిలో ధ్వనించుచుండును. వానికి తోడు చేపలు, రొయ్యలు చేయు చిటపటలు. ఈ కోలాహలమున ఏది ఎవరిదో విడదీసి చెప్పవలసినవాడు నీటి అడుగున, కిటికీ లేని గదిలో కూర్చున్న ఒక యువకుడు. 'దిక్కు 90' యని చెప్పుట అతని పనిలో సగము. 'అది ఎవరిదో ఇంకను తెలియలేదు' అని తన అధిపతితో ధైర్యముగా చెప్పుట రెండవ సగము.

మీరు ఎప్పుడైన కురుసురను చూడబోయినచో, లోపల సోనారు ఉన్న చోట కొంచెము నిలిచి చూడుడు. బయట బీచిలో జనుల కేకలు, అలల హోరు వినబడుచుండును. ఆ హోరులో దూరమున పోవు ఒక పడవ చప్పుడును పట్టుకొనుటకు ప్రయత్నింపుడు. అది జాలరిదో, ఓడదో, మీకు నిశ్చయముగా తెలియునా? తెలియకున్నచో తెలియదని ఒప్పుకొనుడు. దశరథుడు ఆ రాత్రి ఆ ఒక్క మాట తనలో తాను అనుకొనియున్నచో, గ్రుడ్డి తల్లిదండ్రుల చేతికి నీటికుండ చేరియుండెడిది.